పెరిగిన వాటాలు: నిలుచుటా, తొలగుటా?

కల్యాణదుర్గము దాటి దక్షిణముగా పోవు బాటలో కంబదూరు కలదు. చుట్టును ఎఱ్ఱనేలలు, నడుమ నడుమ బోడిగుట్టలు. వాన కురిసిన ఏట వేరుసెనగ, కురవని ఏట ఎదురుచూపు. అట్టి ఊరిలో షేర్ల ప్రసంగము చెవిని పడునని మేమెన్నడును అనుకొనలేదు. కాని 2024 సెప్టెంబరు మాసాంతమున, బొంబాయి షేర్ల సూచిక 85 వేలు దాటిన దినములలో, మా బంధువుల ఇంటి అరుగుపై కూర్చుండి మేము విన్న వాదము అదియే.

వాదించినవారు ఇరువురు. ఒకరు ఆ ఇంటి పెద్ద, సేద్యగాడు. రెండవవాడు ఆయన అన్నకొడుకు, బెంగుళూరులో ఉద్యోగి. 2020 మార్చిలో, కరోనా భయమున సూచిక 26 వేలకు దిగువకు పడినపుడు, ఈ యువకుడు జీతములో కొంత కొంత షేర్లలో వేయ మొదలిడినాడు. నాలుగేండ్లలో సూచిక మూడింతలకు మించెను.

"ఒరే అబ్బీ, కాయ పండినప్పుడే కోసుకోవల్ల. గాలొస్తే అంతా రాలిపోతుంది" అని పెద్దాయన.

"ఈ మాట నువ్వు సూచిక యాభై వేలున్నప్పుడే చెప్పితివి చిన్నాయనా! అప్పుడే కోసుంటే ఇంత కాయ చూసుండేవాళ్లమా?" అని యువకుడు.

ఇరువురి మాటయు నిజమే. తుదకు తీర్పు మా మీద పడెను. మేము జోస్యులము కాము. పాత గ్రంథములు తిరగవేయుట మాత్రమే మాకు అలవాటు. కనుక ఆ సాయంకాలము మేము వారికి చెప్పిన సంగతులనే కొంత విస్తరించి ఇచట వ్రాయుచున్నాము.

ఈ ప్రశ్నము మన దేశమునకు క్రొత్త కాదు. నూటయరువది ఏండ్లకు పూర్వమే బొంబాయి నగరమంతయు దీనినే చర్చించినది. 1861 ఏప్రిలులో అమెరికా ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము మొదలయ్యెను. దక్షిణపు రేవులను ఉత్తరపు నౌకలు అడ్డగించుటచే లాంకషైరు మిల్లులకు అమెరికా పత్తి అందకపోయెను. మిల్లుదారులు హిందూదేశపు పత్తిపై పడిరి. ధర కొన్ని ఇంతలు పెరిగెను. వాడుకగా రావలసిన దానికి పైబడి ఆ ఐదేండ్లలో బొంబాయికి చేరిన ధనము 8 కోట్ల 10 లక్షల పౌనులని గెజిటీరు లెక్క. నాటి మారకమున అది 81 కోట్ల రూపాయలు.

ఆ పత్తిలో మన సీమ పత్తియు కలదు. అనంతపురము జిల్లా వేరుపడినది 1882లో గనుక, నాడు కంబదూరు బళ్ళారి జిల్లాలోని గ్రామము. కంబదూరి ఎఱ్ఱనేల పత్తికి తగినది కాదు. ఉత్తరమున గుత్తి, ఉరవకొండ, బళ్ళారి వైపుననున్న నల్లరేగడిలో పండిన పత్తి బజారులో 'వెస్టర్న్స్' అను పేర ప్రసిద్ధికెక్కినది. అప్పటికి ఈ సీమకు రైలు రాలేదు. పత్తి కొంత బండ్లపై కనుమలు దిగి, పడమటి సముద్రతీరమున కుమటా రేవు చేరి, ఓడలపై బొంబాయికి పోవుచుండెను. ఎక్కడో అమెరికాలో జరుగు యుద్ధమునకును మన రేగడి రైతు బండికిని ఇట్లు ముడిపడినది.

వచ్చిన ధనము ఊరకుండునా? బ్యాంకులు, ఓడల కంపెనీలు, సముద్రమును పూడ్చి నేల చేసెదమను కంపెనీలు పుట్టగొడుగులవలె లేచెను. వానిలో బ్యాక్‌బే కంపెనీ ముఖ్యమైనది. ఐదువేల రూపాయల వాటా ఏబదివేలకు ఎగబ్రాకెను. సముద్రము ఇంకను సముద్రముగానే ఉండెను!

ఈ వ్యవహారమునకు నాయకుడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. పత్తిని గూర్చి గాని ధనమును గూర్చి గాని అతనికి తెలిసినంత నాడు బొంబాయిలో వేరొకరికి తెలియదు. యుద్ధము ఎన్నడో ఒకనాడు ముగియుననియు, ముగిసిన పత్తి ధర పడుననియు తెలియనివారు ఆ నగరమున లేరు. మరి ఏల నిలిచిరి?

చరిత్ర చదువువారు సాధారణముగా 'అత్యాశ' అని ఒక్కమాట చెప్పి ముందుకు సాగుదురు. మాకది చాలినట్లు తోచదు. కారణము లెక్కపుస్తకములలో కలదు. 1863 నాటి చట్టముతో, వాటాల హామీపై అప్పులిచ్చుటకు బొంబాయి బ్యాంకునకు వీలు కలిగెను. చేతిలోని వాటా తాకట్టు పెట్టి అప్పు తెచ్చుట, ఆ అప్పుతో మరల వాటాలు కొనుట, వాని ధర పెరిగిన కొలది మరికొంత అప్పు తెచ్చుట. ఇది మెట్లులేని బావిలోనికి ఒకరి భుజముపై ఒకరు నిలిచి దిగుటవంటిది. అందరికంటె పైనున్నవాడు కదలినచో అడుగువాడు పోవును. అడుగువాడు జారినచో అందరును పోవుదురు. దీనికి తోడు వాయిదా బేరములు. 1865 జూలై 1వ తేదీన సొమ్ము చెల్లించి వాటాలు తీసికొందుమని వేలకొలది ఒడంబడికలు వ్రాసికొనిరి. వారికి తొలగుటకు మనసు లేకపోవుట కాదు, దారి లేకపోయెను. తొలగవలెనన్న కొనువాడు కావలయును. ఆ కొనువాడును అప్పుతోనే కొనవలయును.

1865 ఏప్రిల్ 9న దక్షిణ సేనాని లీ లొంగిపోయెను. పత్తి ధర కూలెను. జూలై 1 వచ్చునప్పటికి చెల్లింపవలసినవారి చేత సొమ్ము లేదు, పుచ్చుకొనవలసినవారికి అడుగుటకు మనిషి లేడు. 2850 రూపాయల వరకు పోయిన బొంబాయి బ్యాంకు వాటాను 87 రూపాయలకు అమ్ముకొనవలసి వచ్చెను. ఏబదివేల బ్యాక్‌బే వాటా రెండువేలకు దిగువకు పడెను. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ దివాలా అనుభవించి, మరల నిలదొక్కుకొని, 1906 వరకు జీవించినాడు. బొంబాయి విశ్వవిద్యాలయపు గడియార గోపురము అతడిచ్చిన ధనముతో, అతని తల్లి రాజాబాయి పేర లేచినదే.

మన సీమకు మిగిలినదేమి? ధర పడిన మరుసటి ఏడు, అనగా 1866లో, బళ్ళారి ప్రాంతమున క్షామము. షేర్లు పడుటచే క్షామము వచ్చినదనుట సరికాదు. వాన లేకపోవుటయే దానికి హేతువు. కాని పత్తి ధర అట్లే నిలుచునని నమ్మి అప్పు పెంచుకొన్న రైతుకును, అప్పులేక గాదెలో జొన్న దాచుకొన్న రైతుకును ఆ ఏడు ఒకటిగా గడచియుండదు.

ఇచట యువకుడు మమ్ము ఆపెను. "వాళ్లు పామరులు లెండి, పద్ధతి తెలీదు" అనెను. మాకు న్యూటను జ్ఞప్తికి వచ్చెను. గ్రహముల గతిని లెక్కకట్టిన ఆ మహాశయుడు 1720లో లండనులోని సౌత్ సీ కంపెనీ వాటాలు మంచి లాభమునకే అమ్మినాడు. అమ్మిన తరువాతను ధర పెరుగుచునే యుండెను. తోటివారి లాభము చూచి ఉండలేక, ఆ వేసవిలో మరింత హెచ్చు ధరకు తిరిగి కొని, పెద్ద మొత్తమునే పోగొట్టుకొనెను. తొలగుట ఒకపరి చేసి చేతులు దులుపుకొను పని కాదు. తొలగినవాడు ప్రతిదినము తన్ను తాను ఆపుకొనవలయును.

పెద్దాయన సంతోషించెను. "అదీ మాట! అందుకే అమ్మేయమంటున్నా" అనెను. ఆయన సంతోషమును మేము ఎక్కువసేపు నిలువనీయలేదు. ఏలన, నిలిచినవారు గెలిచిన కథ మనకు మరింత చేరువలోనే, కోలారులో కలదు.

1880 ప్రాంతమున దక్షిణ దేశపు బంగారమును గూర్చి లండనులో పిచ్చి పట్టినది. మొదట వయనాడు. ముప్పదికి పైగా కంపెనీలు, నలుబది లక్షల పౌనులకు మించిన మూలధనము. రెండు మూడేండ్లలో అంతయు బూడిద. యంత్రములు అడవిలో త్రుప్పు పట్టెను. అదే ఊపులో 1880లో మైసూరు గోల్డు మైనింగు కంపెనీ కోలారులో త్రవ్వకము మొదలిడెను. నాలుగైదేండ్లు త్రవ్వినను చెప్పుకొనదగిన బంగారము కానరాలేదు. 1,35,000 పౌనుల మూలధనములో 13,000 మాత్రమే మిగిలెను. ఒక పౌను వాటా పది పెన్నీలకు దొరకుచుండెను, అనగా ఇరువదినాల్గవ వంతునకు.

అప్పుడు లండనులో వాటాదారుల సభ జరిగినది. మిగిలిన సొమ్ము పంచుకొని కంపెనీని మూసివేయుదమని పలువురు పట్టుపట్టిరి. ఇంకొకమారు ప్రయత్నింతమని జాన్ టేలరు వాదించెను. తుదకు అతని మాట నెగ్గెను. ఉన్న ఆ కొద్ది సొమ్ముతో కాప్టెన్ ప్లమర్ అనువాడు, పూర్వులు త్రవ్వి విడిచిన గుంతల అడుగున వెదకి, ఛాంపియన్ అను ప్రసిద్ధమైన బంగారు పొరను కనుగొనెను. ఆ పొరను వెంబడించి మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు దిగిరి. 2001లో గనులు మూతపడువరకు తీసిన బంగారము సుమారు 800 టన్నులు.

బొంబాయిలో నిలిచినవారు మునిగిరి. కోలారులో నిలిచినవారు తేలిరి. భేదమేమి? అదృష్టమనినచో మేము కాదనము. నేల క్రింద బంగారము ఉండుట టేలరు ప్రతిభ కాదు. కాని ఆ సభలో కూర్చున్నవారికి అంత తీరికగా వాదించుకొనుటకు అవకాశమెట్లు కలిగినది? వారు పెట్టినది వారి సొమ్ము. అది అప్పటికే చెల్లించినది. ఏ జూలై 1వ తేదీయు వారి తలపై వ్రేలాడుట లేదు. ఇంకొక పది పెన్నీలు పోయినను ఇంటి తలుపు తట్టువాడు లేడు. నిలుచుటా, తొలగుటా అని తర్కించుకొను స్వేచ్ఛ అట్టివానికే ఉండును. అప్పు పడినవానికి ఆ ప్రశ్నము వేయు హక్కు ఋణదాతదైపోవును.

కోలారు కథ విని అన్ని గనులలోను బంగారమున్నదని తలచరాదు. కంబదూరికి తూర్పున, అంత దూరము కాదు, రామగిరి కలదు. అచటను పూర్వుల గుంతలుండెను. అచటను దొరల కంపెనీలు దిగెను. 1910 మొదలు 1927 వరకు బంగారము తీసి, పిదప విడిచిపోయిరి. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వపు భారత్ గోల్డ్ మైన్స్ వారు మరల ప్రయత్నించిరి. అదియు నిలువలేదు. రామగిరిలో తుదివరకు నిలిచిన వాటాదారునకు కోలారు కథ ఏమి ఓదార్పు?

మన కాలపు కథ హైదరాబాదుది. 1987లో వెలసిన సత్యం కంప్యూటర్స్ వాటాలను తెలుగు కుటుంబములు ఎన్నియో కొనినవి. మనవారి కంపెనీ యను అభిమానము కొంత, సంవత్సర సంవత్సరము పెరుగు లెక్కలపై నమ్మకము కొంత. అప్పుచేయక తమ సొమ్ముతో కొన్నవారును వారిలో ఉండిరి. 2009 జనవరి 7న అధిపతి రామలింగరాజు వ్రాసిన లేఖతో, పుస్తకములలోని నగదులో ఐదువేల కోట్ల రూపాయలకు పైగా లేనే లేదని తేలెను. ఒక్కదినమున వాటా ధర నాలుగింట మూడు వంతులకు మించి పోయెను. పులిపై స్వారి చేయువాడు దిగుట ఎట్లో తెలియని స్థితి తనదని ఆయన ఆ లేఖలోనే చెప్పుకొనెను. అనగా కంపెనీ లోపలివానికే దిగుటకు దారి లేకుండెను. ఇక వెలుపలివాడు లెక్కలు చదివి ఏమి తెలిసికొనగలడు? తన సొమ్మే అయినను అంతయు ఒకే వాటాలో ఉంచినవానికి కోలారు వాటాదారుని నిబ్బరము ఆనాడు అక్కరకు రాలేదు.

ఇంత చెప్పి మేము యువకుని ఒక్కటే అడిగితిమి: "నాయనా, నీవు షేర్లలో వేసినది అంతయు జీతపు సొమ్మేనా?"

అతడు వెంటనే బదులు పలుకలేదు. పెద్దాయన ముఖము చూచి, తల వంచుకొని, గత సంవత్సరము ధరలు పెరుగుచుండగా బ్యాంకులో నాలుగు లక్షలు అప్పు తీసి అందులో వేసితినని చెప్పెను. ఆ మాట ఇంటిలో అప్పటివరకు ఎవరికిని తెలియదు. పెద్దాయన కోపపడలేదు. బోరు వేయుటకు తాను చేసిన అప్పు ఆయనకు జ్ఞప్తికి వచ్చియుండునని మేము తలచితిమి. ఆ బోరులో నీరు పడలేదు. అప్పు మాత్రము మూడేండ్లు తీర్చిరి.

"వడ్డీ ఎంత?" అని మాత్రము ఆయన అడిగెను.

మరుసటి వారము యువకుడు నాలుగు లక్షలకు సరిపడు వాటాలు అమ్మి అప్పు తీర్చెను. మిగిలినవి అమ్మలేదు. పెద్దాయనకు అది చాలలేదు, సగమైనను అమ్మవలసినదని ఆయన పట్టు.

2025 మార్చిలో సూచిక 73 వేలకు దిగినపుడు ఆయన మాకు ఫోను చేసి, "నేను చెప్పలేదా?" అనెను. ఆ సంవత్సరము నవంబరులో అది 86 వేలు దాటినపుడు యువకుడు ఫోను చేసెను. అతడు అన్నదియు ఆ మాటయే.