అరవై ముక్కల సంసారం

పేకాట అనగానే మనలో చాలామందికి ముందు కోపం వస్తుంది. రావడంలో తప్పేం లేదు లెండి. సంక్రాంతి మూడు రోజులూ మగవాళ్ళు వసారాలో దుప్పటి పరుచుకుని కూచుంటే గంటకోసారి కాఫీలు అందించింది మనమే కదా! అయితే ఇప్పుడు నేను చెప్పబోయే పేకలో ఆసూ లేదు, రాణీ లేదు, జోకరు అసలే లేదు. పిల్లలు బొమ్మల ముక్కలు ప్లాస్టిక్ తొడుగుల్లో దాచుకుని, ముట్టుకుంటే కయ్యిమంటారే, ఆ జాతి పేక ఇది. ఈ జాతికి పెద్దమ్మ లాంటిది 'మేజిక్: ద గేదరింగ్' అనే అమెరికా ఆట. దాని చరిత్ర తిరగేస్తుంటే నాకు ఆటకంటే ఎక్కువగా గృహనిర్వాహకం కనిపించింది.

రమ్మీలో పేక అందరికీ ఒకటే. పదమూడు ముక్కలు పంచాక ఎవరి అదృష్టం వాళ్ళది. ఇందులో అలా కాదు. ఎవరి పేక వాళ్ళు ఇంటి దగ్గరే తయారుచేసుకుని పోటీకి పట్టుకొస్తారు. ఎన్నో రకాల ముక్కల్లోంచి అరవై ఏరుకోవాలి. అంటే బల్ల దగ్గర కూచోకముందే సగం ఆట అయిపోయిందన్నమాట. ఏం వండాలో, ఎంత తేవాలో ముందే ఆలోచించుకున్న ఇల్లాలికి పెళ్ళిపనుల్లో సగం తీరిపోయినట్టే.

ఆట సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఒక్కొక్కరికి ఇరవై ప్రాణాలు. ఎదుటివాడి ఇరవై ముందు అయిపోతే మనం గెలిచినట్టు. మొదట చేతిలో ఏడు ముక్కలు, ఆ తర్వాత వంతుకొకటి తీసుకోవాలి. ముక్కల్లో కొన్ని భూములు: మైదానం, ద్వీపం, బురదనేల, కొండ, అడవి. వంతుకి ఒక్క భూమే బల్లమీద పెట్టనిస్తారు. ఒక్కో భూమి వంతుకోసారి ఒక్కో 'మానా' ఇస్తుంది. మానా అంటే మంత్రశక్తి, మన భాషలో రూపాయి అనుకోండి. మిగతా ముక్కలు, అంటే భూతాలు, దేవదూతలు, పిడుగులు, ఏవైనా సరే ఆ రూపాయలు పోసి కొనుక్కోవలసిందే. మొదటి వంతులో మీ దగ్గర ఒక రూపాయి, రెండో వంతులో రెండు, మూడో వంతులో మూడు. ఇంకో సంగతి, ఖర్చుపెట్టని రూపాయి తర్వాతి వంతుకి మిగలదు. దాచుకుందామంటే వీల్లేదు. మన ఆడవాళ్ళకి మింగుడుపడని నియమం ఇదొక్కటే!

ఈ ఆటని కనిపెట్టినాయన రిచర్డ్ గార్ఫీల్డ్, లెక్కల పండితుడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశాడు. 1991లో ఆయన మరో ఆట నమూనా పట్టుకుని పీటర్ అడ్కిసన్ అనే ఆయన దగ్గరికి వెళ్ళాడు. అడ్కిసన్ బోయింగ్ విమానాల కంపెనీలో ఉద్యోగం చేస్తూ, పక్కన 'విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్' అని చిన్న సంస్థ నడుపుతున్నాడు. ఆ ఆటకి అట్టలూ బొమ్మలూ చాలా కావాలి, అంత పెట్టుబడి ఆయన దగ్గర లేదు. చౌకలో అయ్యేది, జనం ఎక్కడైనా కాస్త తీరిక దొరికితే ఆడుకునేది ఏదైనా చెయ్యమన్నాడు. అలా పుట్టింది మేజిక్. 1993 ఆగస్టులో బజారులోకి వచ్చింది. మొదటి ముద్రణలో 26 లక్షల ముక్కలు వేస్తే, చూస్తుండగానే హాంఫట్ అయిపోయాయి.

గార్ఫీల్డ్ లెక్కల్లో ఎంత దిట్టయినా మనుషుల ఆశని సరిగ్గా లెక్కకట్టలేకపోయాడు. జనం తలా రెండు మూడు పొట్లాలు కొంటారు, అరుదైన ముక్కలు ఊరికి ఒకటో రెండో ఉంటాయి, వాటికోసం ఇచ్చిపుచ్చుకుంటారు అనుకున్నాడు. అప్పటి నియమం ప్రకారం పేకలో కనీసం నలభై ముక్కలుంటే చాలు. ఒకే ముక్క ఎన్నిసార్లు పెట్టుకోవచ్చో అన్నదానికి హద్దు లేదు. ఇంకేం! జనం పెట్టెలకి పెట్టెలు కొనిపారేశారు. 'లైట్నింగ్ బోల్ట్' అని ఒక్క రూపాయి పిడుగుంది. అది పడితే మూడు ప్రాణాలు పోతాయి. ఏడు పిడుగులు పడితే ఇరవయ్యొకటి, ఆట సరి! పేకనిండా పిడుగులే నింపుకునేవాడి ముందు ఆలోచన ఏం పనిచేస్తుంది? ఇక 'బ్లాక్ లోటస్' అనే నల్లకలువ ఉంది. అది పైసా ఖర్చు లేకుండా మూడు మానాలు ఒక్కసారి ఇచ్చి మాయమవుతుంది. ఒకటో తారీఖు రాకుండానే మూడు రూపాయలు చేతికొచ్చినట్టు. అది చాలా అరుదైన ముక్క. డబ్బుండి నాలుగైదు పోగేసుకున్నవాడితో లేనివాడు ఎట్లా ఆడతాడు?

ఆటని నిలబెట్టింది 1994 మొదట్లో పోటీలకోసం పెట్టిన కట్టుబాటు. పేకలో కనీసం అరవై ముక్కలుండాలి. మామూలు భూములు తప్ప ఏ ముక్కా నాలుగుకి మించకూడదు. నల్లకలువ వంటి మరీ ప్రమాదకరమైనవి ఒక్కొక్కటే. ఉన్నవాడు నలభై కొన్నా పేకలోకి వెళ్ళేవి నాలుగే. నాకైతే ఈ ఆట చరిత్రలో ఇంతకంటే మంచి నియమం కనబడలేదు.

అరవై కనీసం అన్నారు గాని, అంతకు మించి పెట్టుకోవద్దనలేదు. అయినా ఆరితేరినవాళ్ళు అరవయ్యొకటోది పెట్టరు. ఎందుకో లెక్క చూడండి. అరవైలో నాలుగున్న ముక్క మొదటి ఏడింటిలో కనీసం ఒకటైనా రావడానికి నూటికి నలభై వంతులు అవకాశం. పేకని వంద ముక్కలు చేస్తే అది ఇరవై ఐదున్నరకి పడిపోతుంది. మా అక్క మనవడికి పదకొండేళ్ళు. వాడు వంద పైచిలుకు ముక్కల పేక మోసుకు తిరుగుతాడు. అన్నీ ఇష్టమేనట, ఏదీ తీసెయ్యడానికి మనసొప్పదట. తిరుపతి ప్రయాణానికి నాలుగు పెట్టెలు సర్దే వాళ్ళ నాయనమ్మ పోలిక!

కట్టుబాటు వచ్చాక అసలు ఆలోచన మొదలైంది. కాలిఫోర్నియాలో బ్రయన్ వైస్‌మన్ అనే కుర్రాడు ఒక పేక తయారుచేశాడు. దానికి ఎంత పేరొచ్చిందంటే, జనం దాన్ని ఉత్త 'ద డెక్' అనే పిలిచారు. పేక అంటే అదే పేక! అందరూ పేకనిండా భూతాల్ని దింపి మీదకి తోలుతుంటే ఇతను రెండే రెండు దేవదూతల్ని పెట్టుకున్నాడు. మిగతావన్నీ ఎదుటివాడి పనిని ఆపేవీ, చెడగొట్టేవీ, తనకి కొత్త ముక్కలు తెచ్చిపెట్టేవీను. ఎదుటివాడి దగ్గర భూతాల్ని చంపే ముక్కలుంటాయి కదా, చంపడానికి ఇక్కడ ఎవరూ లేకపోతే అవి చేతిలో ఊరికే పడి ఉంటాయి. వైస్‌మన్ చెప్పిన సూత్రం చిన్నది: నా ఒక్క ముక్కతో నీవి రెండు పోవాలి. చివరికి నా చేతిలో నాలుగుండాలి, నీ చేయి ఖాళీగా ఉండాలి. సొరకాయతో పప్పూ, దాని తొక్కతో పచ్చడీ చేసుకునేవాళ్ళకి ఈ సూత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. కాని వైస్‌మన్ పేకలో ఉన్నవన్నీ ఖరీదైన ముక్కలే. తెలివి ఉంటే చాలదు, డబ్బూ ఉండాలి.

అందుకే నాకు 1996 నాటి కథ మీద ఎక్కువ ప్రేమ. అట్లాంటాలో పెద్ద పోటీకి అర్హత కోసం ఒక పోటీ జరిగింది. దానికి పాల్ స్లై అనే ఆయన ఒక ఎర్రపేక పట్టుకొచ్చాడు. తయారుచేసింది ఆయన మిత్రుడు జే ష్నైడర్. ఆ పేకలోని ముక్కలు చూసి జనం నవ్వుకున్నారు. మచ్చుకి 'ఐరన్‌క్లా ఆర్క్స్' అనే భూతాలు. వాటికి బలం రెండు, ఓర్పు రెండు. పైగా మహా పిరికివి. రెండు బలం గల జీవి మీదకొస్తే అడ్డు నిలబడవు. ఊరికే ఇచ్చినా పిల్లలు పుచ్చుకోని ముక్కలు. అలాంటివి నాలుగు పెట్టాడు! తోడుగా ఇంకొన్ని కొరగాని మరుగుజ్జులూ, ఇత్తడి మనుషులూ, పిడుగులూను.

నవ్వినవాళ్ళని ఆ పేక వరసగా ఓడించుకుంటూ పోయింది. కిటుకు ఏమిటంటే, ష్నైడర్ ముక్కల గొప్పతనం చూడలేదు, ఖర్చు పొందిక చూశాడు. మొదటి వంతులో ఒక రూపాయి ఉంటుంది, ఆ రూపాయికి వచ్చేది చేతిలో ఉండాలి. రెండో వంతులో రెండు రూపాయలకి తగ్గది ఉండాలి. మూడో వంతులో మూడుకి. ఏ వంతులోనూ పైసా వృథా పోకూడదు. అందుకని ఒక రూపాయి ముక్కలు ఎక్కువ, రెండు రూపాయలవి కాస్త తక్కువ, మూడువి ఇంకా తక్కువ, నాలుగుకి పైబడినవి ఏ ఒకటో రెండో. ఎదుటివాడి చేతినిండా ఆరు రూపాయల మహారాక్షసులున్నారు సరే, ఆరు భూములు పోగయ్యేదాకా వాళ్ళు చేతిలోనే కూచోవాలి. ఈలోపల ఈ పిరికి భూతాలు రోజుకి రెండు చొప్పున కొరుక్కు తినేస్తాయి. బీరువానిండా పట్టుచీరలుండి, వంటింట్లో కట్టుకోడానికి ఒక్క నేతచీర లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఊహించుకోండి!

ఆ క్రమాన్ని కాగితం మీద గీస్తే వంపు తిరిగిన గీత వస్తుంది. దాన్ని 'మానా కర్వ్' అన్నారు. తర్వాత వచ్చిన ఇలాంటి ఆటల్లో చాలా ఆ గీతని అరువు తెచ్చుకున్నవే. స్లై ఇంటిపేరు కూడా ఆ రకం పేకలకి పేరైపోయింది, ఆలోచన ష్నైడర్‌దైనా సరే. లోకం తీరు అంతే కదండీ, వండినవాళ్ళొకరు, వడ్డించినవాళ్ళ పేరు ఒకరిది.

అదే ఏడాది ప్రపంచ పోటీలో ఒక తమాషా జరిగింది. పోటీకి ముందు ఎవరి పేకలో ఏమున్నాయో చిట్టా రాసి ఇవ్వాలి. చిట్టాలో లేనిది బల్లమీదకి రాదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టామ్ చాన్‌ఫెంగ్ తెల్లముక్కల పేక తెచ్చాడు. అందులో ఒకే ఒక్క నీలం ముక్క. దానికి కావలసిన నీలం మానా ఇచ్చే నాలుగు భూములు చిట్టాలో రాయడం మరిచిపోయాడు. వాటి బదులు మామూలు మైదానాలు పెట్టుకోమన్నారు. దాంతో ఆ నీలం ముక్క చేతికొచ్చినా పనికిరానిదైపోయింది. ఆ ఉత్తముక్కని మోసుకుంటూనే ఆయన పోటీ అంతా ఆడి ప్రపంచ విజేత అయ్యాడు! చిన్న చిన్న సైనికులతో కుదురుగా కట్టిన పేక, ఒక్క ముక్క చచ్చుబడినా తట్టుకుంది.

పేక కట్టడం వచ్చాక మిగిలింది, కట్టిన పేకతో ఏం చెయ్యాలో తెలుసుకోవడం. 1999లో మైక్ ఫ్లోరెస్ అనే ఆటగాడు రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ కొత్తవాళ్ళ చేత చదివిస్తారు. ఇద్దరూ ఇంచుమించు ఒకేరకం పేకలతో ఎదురుపడ్డప్పుడు, ఒకరు తప్పకుండా మీదకి వెళ్ళేవారు, రెండోవారు కాచుకునేవారు అవుతారు. ఆట సాగేకొద్దీ ఎవరికి లాభమో వాళ్ళు కాచుకోవాలి, రెండోవాళ్ళు తొందరపడాలి. తన పాత్ర ఏదో తెలియనివాడు మంచి పేక పెట్టుకునీ ఓడిపోతాడంటాడు. ఇది చదివి మా ఇంట్లో తోడికోడళ్ళం ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఎందుకో చెప్పను.

ఈ బల్లల దగ్గర ఆడవాళ్ళు చాలాకాలం తక్కువగానే కనిపించారు. 2013లో మాంట్రియల్‌లో జరిగిన పెద్ద పోటీలో మెలిస్సా డెటోరా మొదటి ఎనిమిదిమందిలో నిలిచింది. ఆ స్థాయి పోటీలో అంతదాకా వచ్చిన మొదటి స్త్రీ ఆవిడే. ఆ తర్వాత ఆటని తయారుచేసే సంస్థలోనే ముక్కల పాళ్ళు సరిచూసే పనిలో చేరింది.

ఇక ఆ నల్లకలువ సంగతి. 1993 నాటి మొదటి ముద్రణది, బొమ్మ వేసిన చిత్రకారుడి సంతకమున్న పెట్టెలో ఉన్నది, 2021 జనవరి వేలంలో 5,11,100 డాలర్లకి పోయింది. పోటీల్లో చాలావాటిలోకి ఆ ముక్కని అసలు రానివ్వరు. రానిచ్చేచోట కూడా పేకకి ఒక్కటే. అంత డబ్బు పోసి కొన్నాయన దాన్ని పెట్టెలోంచి తీసి కలిపి ఆడతాడా ఏమిటి! పిరికి ఐరన్‌క్లా ఆర్క్స్ మాత్రం పాత ముక్కలమ్మే కొట్లలో ఇప్పటికీ చవకగానే దొరుకుతాయి.