గుట్టు ఎవరిది, రిజిస్టరు ఎవరిది?

1917లో అంబేద్కర్ బరోడా సంస్థానంలో కొలువు చెయ్యడానికి వెళ్లారు. అమెరికాలో, లండన్‌లో చదివొచ్చిన మనిషికి ఆ ఊళ్లో తలదాచుకోను ఇల్లు దొరకలేదు. చివరికి రిజిస్టరులో పార్శీ పేరు రాయించి ఒక పార్శీ సత్రంలో దిగారు. పదకొండో రోజున కొందరు కర్రలు పట్టుకొని మెట్లెక్కొచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. వారం గడువడిగితే ఒప్పుకోలేదు. అంత చదువూ ఆయన్ని కాపాడలేదు. పది రోజులు కాపాడింది ఆ రిజిస్టరులోని పేరు ఒక్కటే.

సోషల్ మీడియాలో వ్యక్తిగత గోప్యత పోతోందని ఇవాళ పత్రికలు బాధపడుతున్నాయి. మనవాళ్లు కొందరు 'ఉన్నోళ్లకు గదా పోయేది, మనకెప్పుడుంది గనక?' అంటున్నారు. ఆ మాటలో నిజముంది. కానీ సగమే. మిగతా సగం చరిత్రలో వెతకాలి.

మన జనాల వివరాలు రాసిపెట్టడం ఫేస్‌బుక్‌తో మొదలుకాలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల కులంలో పుట్టడమే నేరమైంది. పేర్లు రిజిస్టరుకెక్కాయి, వేలిముద్రలు తీసుకున్నారు, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. 1913లో సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టం నీడలో పుట్టిందే. 1952లో చట్టం రద్దయింది. రిజిస్టరు మాత్రం పోలేదు. 'అలవాటు పడ్డ నేరస్తులు' అనే కొత్త అట్ట వేసుకొని స్టేషన్లోనే కూచుంది.

అట్లాంటి పోలీసు రిజిస్టరు మీదనే ఖరక్ సింగ్ సుప్రీంకోర్టుకెక్కిన కేసులో 1962లో తీర్పొచ్చింది. రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు తట్టడం చెల్లదని కోర్టు అన్నది. కానీ గోప్యత ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తులు చెప్పారు. మన రాజమండ్రివాడు కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. గోప్యత లేకుండా స్వేచ్ఛ లేదని వేరే తీర్పు రాశారు. ఆ మాట గెలవడానికి 55 ఏళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు. అంటే ఈ హక్కు కోసం జరిగిన పోరాటం బంగళాల్లోది మాత్రమే కాదు, పోలీసులు తలుపు తట్టిన ఇంటిది కూడా. ఇది మనం మర్చిపోగూడదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. 1994 జులై 7న ఈదుముడిలో దండోరా మోగినప్పుడు మాదిగలు కులం పేరును తమ పేరు చివర తలెత్తుకొని పెట్టుకున్నారు గదా, మరి కులం దాచుకునే హక్కు ఎందుకు? రెంటికీ తేడా ఉంది. మన నోటితో మనం చెప్పుకుంటే అది ఆత్మగౌరవం. ఎదుటివాడు తవ్వి తీస్తే అది బరోడా సత్రం. ఎప్పుడు, ఎవరికి, ఎందుకు చెప్పాలో తేల్చుకునే అధికారమే మేమంటున్న గోప్యత.

సోషల్ మీడియా ఆ అధికారాన్నే గుంజుకుంటోంది. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా బాగోతం బయటపడ్డప్పుడు ఫేస్‌బుక్ చెప్పిన లెక్క చూడండి: ఆ యాప్ పెట్టుకున్నది మన దేశంలో 335 మంది, వివరాలు పోయే ప్రమాదంలో పడ్డది 5,62,455 మంది. మనం ఏమీ చెప్పక్కర్లేదు, మన స్నేహితుడు తలూపితే చాలు. ఏప్రిల్ 14న తీసిన ఒక ఫోటో, ఇంటి పేరు, ఊరి పేరు, ఎవరో తగిలించిన ట్యాగు – కులం తెలియడానికి ఇంతకన్నా ఏం కావాలి? మా పరిశోధక మిత్రుడొకడు నగరంలో గది చూసుకొని అడ్వాన్సు మాట్లాడుకున్నాడు. మర్నాడు ఇంటాయన 'వేరేవాళ్లకిచ్చేశాం' అన్నాడు. జయంతి ఊరేగింపులో నీ ఫోటో చూశాడులే అని పక్కింటాయన తర్వాత చెప్పాడు. కర్రలు రాలేదు, అంతే తేడా.

అట్లాగని ఈ వేదికలు వదిలెయ్యమని మేము చెప్పడం లేదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక ఆ దుఃఖం దేశమంతా పాకింది వీటి మీదనే. ఆయన కులమేంటని తల్లి కాపురాన్ని బజారుకీడ్చిందీ వీటి మీదనే. రెండూ నిజమే.

మరి చట్టమేం చేసింది? 2011 నిబంధనలు పాస్‌వర్డును, ఆరోగ్యాన్ని, బ్యాంకు వివరాలను సున్నిత సమాచారం అన్నాయి, కులాన్ని అనలేదు. శ్రీకృష్ణ కమిటీ 2018 ముసాయిదా 'కులం లేక తెగ'ను ఆ జాబితాలో చేర్చింది. 2019 బిల్లులోనూ అది ఉంది. 2023లో చట్టమయ్యేసరికి సున్నిత సమాచారం అనే తరగతే మాయమైంది. కులాన్ని, కొన్న చెప్పుల సైజును ఒకే గాట కట్టేశారు. ఇది ఎంత పెద్ద నష్టమో దళిత ఉద్యమం ఇంకా గట్టిగా మాట్లాడలేదు.

మాట్లాడాలి. కులం సున్నిత సమాచారమని చట్టంలో మళ్లీ రాయించాలి. మన విద్యార్థి సంఘాలు పక్కవాడినడక్కుండా ఫోటో పెట్టకూడదనే నియమాన్ని ముందు తమకు తామే పెట్టుకోవాలి. బరోడాలో రిజిస్టరు సత్రంవాడి చేతిలో ఉంది, స్టూవర్టుపురంలో దొరల చేతిలో ఉంది. ఈసారి కలం మన చేతిలో ఉండాలి.