పదకొండు ప్రదక్షిణలు

చిల్కూరు బాలాజీ దగ్గర లెక్క మీ అందరికీ తెలిసిందే. కోరిక చెప్పుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. హుండీ లేదు. మా పెద్దవాడి వీసా కోసమని పోయిన నెల మేమూ వెళ్ళాం. ఏడో చుట్టులో మావారు ఆయాసపడుతూ, "ఇంటి పన్ను తగ్గించమని ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి, నాకిదో లెక్కా!" అన్నారు.

ఆయన నవ్వులాటకన్నా, నాకు మాత్రం పెద్దమంగళారం గుర్తొచ్చింది. అదీ ఈ మొయినాబాద్ మండలంలోదే. కొండా వెంకట రంగారెడ్డి గారు 1890లో పుట్టిన ఊరు. జిల్లాకి పెట్టింది ఆయన పేరే, అయినా ఆయనెవరని అడిగితే మనలో చాలామందిమి తడుముకుంటాం. వకీలు. ఆయనా, ఆయన మిత్రులూ ఏళ్ళ తరబడి నిజాం సర్కారు చుట్టూ ప్రదక్షిణలు చేశారు. తమకోసం కాదు, పల్లెల్లో వెట్టిచాకిరి పోవాలని.

వెట్టి అంటే ఏమిటో నాకు పుస్తకాలకంటే ముందు మా అమ్మమ్మ చెప్పింది. వాళ్ళది చేవెళ్ళ వైపు ఒక పల్లె. వాళ్ళ నాన్నగారు పట్వారీ. ఊళ్ళోకి అధికారి వచ్చి మకాం వేశాడంటే కుమ్మరి కుండలు తేవాలి, చాకలి నీళ్ళు కాచాలి, గొల్ల మేకపిల్లనివ్వాలి, ఇంకొకరు సామాను నెత్తిన పెట్టుకుని పై ఊరిదాకా మోయాలి. ఆడవాళ్ళు మా వాళ్ళ వాకిట్లో వడ్లు దంచేవారట. "కూలి ఎంతిచ్చేవారు అమ్మమ్మా?" అన్నాను. "ఇదేం ప్రశ్నే!" అని నవ్వింది.

1921లో హైదరాబాదులో ఆంధ్రజన సంఘం పుట్టింది. ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన పెద్దమనిషిని గోల చేసి కూర్చోబెట్టేశారన్న ఉడుకుమోత్తనం దానికి నాంది. మరుసటి ఫిబ్రవరిలో జరిగిన సంఘం సమావేశానికి రంగారెడ్డి గారే అధ్యక్షులు. ప్రజలు ఎన్నుకున్న శాసనసభ లేని రోజులు. సర్కారు భాష ఉర్దూ. నెత్తిన మూట మోసేవాడికి ఏ కాగితంలో ఏముందో తెలిసే దారేదీ? అందుకే మాడపాటి హనుమంతరావు గారు ముందు చేసిన పని వెట్టి గురించి తెలుగులో చిన్న పుస్తకం అచ్చువేయించడం. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. అర్జీ పెట్టుకోవడం తర్వాత సంగతి.

అర్జీకైనా సభ కావాలి కదా! సభకి అనుమతి కావాలి, గస్తీ నిషాన్ 53 అని ఉత్తర్వు. అంటే ఎవరిమీద ఫిర్యాదో వాళ్ళనే, "అయ్యా, మీమీద చెప్పుకోవచ్చునా?" అని అడగాలన్నమాట. అయినా 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1936లో షాద్‌నగర్ సభకి అధ్యక్షులు మన రంగారెడ్డి గారు. మహాసభతోపాటే ఆంధ్ర మహిళాసభ కూడా జరిగేది. జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ గారు, 1934లో ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి గారు అధ్యక్షత వహించారు. ఆ పందిళ్ళలో కూర్చున్నవాళ్ళు చాలామంది కలిగిన ఇళ్ళవాళ్ళు. వెట్టి వద్దని చెయ్యెత్తినవాళ్ళలో ఎందరి వాకిట్లో ఆ పూట రోకళ్ళు ఆడుతున్నాయో! తమ సుఖానికి కోత పెట్టే చట్టం తామే అడగడం ఏమంత తేలిక?

తీర్మానాలు దొంతరలుగా పెరిగాయి, వెట్టి మాత్రం కదల్లేదు. 1941లో చిలుకూరు సభకి రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులయ్యారు, అక్కణ్ణుంచి మహాసభ దారి మారింది. (ఆ చిలుకూరు ఇదేననుకుని చాలాకాలం గర్వపడ్డాను. కాదట, నల్గొండ వైపుది.) తర్వాత సాయుధపోరాటం, ఎంతో రక్తం. జాగీర్దారీ రద్దయింది 1949లో, కౌలుదార్ల చట్టం వచ్చింది 1950లో. 1952 ఎన్నికల తర్వాత రంగారెడ్డి గారు మంత్రి అయ్యారు. అర్జీలు పట్టుకుని తిరిగిన మనిషి చేతికే అర్జీలు రావడం మొదలైంది.

వెట్టిచాకిరిని నేరంగా చెప్పిన కేంద్ర చట్టం మాత్రం 1976లో గానీ రాలేదు. అప్పటికి అమ్మమ్మకి మనవలు కూడా పుట్టారు.

ఆవిడ పోయేముందు ఒకసారి అడిగాను, దంచడానికి వచ్చేవాళ్ళ పేర్లేమిటని. చాలాసేపు ఆలోచించింది. వాళ్ళు పాడిన దంపుళ్ళ పాట మొత్తం అప్పజెప్పింది. పేర్లు మాత్రం ఒక్కటీ గుర్తుకు రాలేదు.