కొండెక్కే కెమెరా: తగ్గిన బరువు, తగ్గని పని

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అనుకుంటాం. కానీ మనం చేత్తో పట్టుకునే ప్రతి వస్తువుకూ ఒక చరిత్ర ఉంటుంది. కెమెరాకూ ఉంది. అందులో ఒక పెద్ద ఘట్టం మన హంపిలోనే జరిగింది. 2021లో విజయనగర జిల్లా వేరుపడేదాకా హంపి మన బళ్లారి జిల్లాలోదే కదా.

1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే మద్రాసు సైన్యం అధికారి హంపిలో ఫోటోలు తీసినాడు. సుమారు 60 నెగటివులు. ఒక్కొక్కటి దగ్గర దగ్గర మూరెడు. అంత పెద్దవి ఎందుకంటే, అప్పట్లో నెగటివును మందు పూసిన కాగితం మీద ఆనించి, ఎండకు పెట్టి ఫోటో దింపేవాళ్లు. నెగటివు ఎంతుంటే ఫోటో అంతే. పెద్ద ఫోటో కావాలంటే పెద్ద కెమెరానే కావాలి. దాన్ని కదలకుండా నిలబెట్టడానికి బరువైన మూడు కాళ్ల స్టాండు, ఇంకా మందుల సీసాలు. ఇదంతా ఒక మనిషి భుజాన వేసుకొని పోయే సామాను కాదు.

అయినా గ్రీన్‌లా ఒక పెద్ద బరువు తగ్గించుకున్నాడు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఆయన గాజు పలక మీద ఫోటో తీసే పద్ధతి చెప్పినాడు. ఫోటో చాలా స్పష్టంగా వచ్చేది. కానీ పలకకు పూసిన మందు తడి ఆరకముందే ఫోటో తీసి, కడిగేయాల. అందుకని పోయినచోటికల్లా చీకటి గుడారం మోసుకుపోవాల. మన ఎండల్లో ఆ తడి ఎంతసేపు ఉంటుంది? గ్రీన్‌లా వాడింది మైనం పట్టించిన కాగితం. దాన్ని ముందే తయారు చేసి పెట్టుకోవచ్చు, ఫోటో తీసినాక తీరిగ్గా కడుక్కోవచ్చు. కాగితం పగలదు, బరువూ తక్కువ. కాకపోతే ఒక్కో ఫోటోకు నిమిషాల కొద్దీ కెమెరా కదలకుండా ఉండాల. అందుకే గాజు వదిలేసినా స్టాండు మాత్రం వదల్లేదు. ఏది వదలొచ్చో, ఏది వదలకూడదో ఆయనకు తెలుసు.

దానివల్ల మనకేం మిగిలింది? యాభై రూపాయల నోటు మీద ఉన్న హంపి రాతిరథం చూడండి. దాని మీద గోపురం లేదు. గ్రీన్‌లా ఫోటోలో మాత్రం రథం మీద ఇటుకల గోపురం ఉంది! తర్వాతి కాలంలో దాన్ని తీసేశారు. ఆ ఫోటో వల్ల గోపురం ఎలా ఉండేదో మన కంటికి కనిపిస్తుంది. 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ హంపికి వచ్చి, గ్రీన్‌లా కెమెరా పెట్టిన చోట్లు వెతికి, అక్కడే తన కెమెరా పెట్టి మళ్లీ ఫోటోలు తీసినాడు. రెండూ పక్కపక్కన పెడితే 127 ఏళ్లలో ఏం మారిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

తర్వాత బరువు తగ్గుతూ వచ్చింది. 1871లో రిచర్డ్ మాడాక్స్ పొడి పలక కనిపెట్టడంతో చీకటి గుడారం మోసే పని తప్పే దారి పడింది. 1888లో ఈస్ట్‌మన్ అమ్మిన కొడాక్ పెట్టెలో చుట్టతో ఒకేసారి 100 ఫోటోలు తీయొచ్చు. జర్మనీలో ఆస్కార్ బర్నాక్ అనే ఆయనకు ఉబ్బసం ఉండేది. కొండల్లో, అడవుల్లో తిరిగి ఫోటోలు తీయాలని ఆశ, బరువు మోస్తే ఆయాసం. అందుకని సినిమా ఫిల్ముతో చేతిలో ఇమిడే కెమెరా తయారు చేసినాడు. చిన్న నెగటివు తీసి, ఫోటోను తర్వాత పెద్దది చేసుకోవచ్చు అన్నదే ఆయన ఆలోచన. అదే 1925లో లైకా పేరుతో అమ్మకానికి వచ్చింది. ఈనాటి జేబు కెమెరాకు అది ముత్తాత లాంటిది.

ఇప్పుడు మా మామ ఇచ్చిన చిన్న డిజిటల్ కెమెరా నా దగ్గరుంది. దాంతో మాతంగ పర్వతం ఎక్కాలంటే ఏమేం పెట్టుకోవాల? గ్రీన్‌లా పద్ధతిలోనే లెక్క వేశాను. ఒక్కో వస్తువును "నువ్వు చేసే పనేంది?" అని అడగాల. తెల్లారుజామున వెలుగు తక్కువ, చేయి వణికితే ఫోటో చెదురుతుంది. కాబట్టి జానెడు మడత స్టాండు కావాల. అక్కడ బండలకు కొదవ లేదు, దాని మీద పెడితే పొట్టి స్టాండైనా చాలు. బటన్ నొక్కితే కెమెరా అదురుతుంది, కాబట్టి రెండు సెకన్ల టైమర్ పెట్టాల. అది కెమెరాలోనే ఉంది, బరువు సున్నా. ఇంకో బ్యాటరీ, ఇంకో మెమరీ కార్డు, అద్దం తుడిచే మెత్తని గుడ్డ, దుమ్ముకూ వానకూ ఒక ప్లాస్టిక్ కవరు, చేతికి తగిలించుకునే తాడు. ఎండ అద్దం మీద పడితే టోపీ అడ్డం పెడితే సరి. పెద్ద స్టాండు, పెద్ద బ్యాగు ఇంట్లోనే ఉంచాలి. వాటికి బదులు ఇంకో నీళ్ల సీసా మోస్తే మేలు. చివరిగా ఒక చిన్న నోటు పుస్తకం: తేదీ, టైము, ఏ బండ మీద నిలబడ్డానో రాసుకోవడానికి.

ఈ నోటు పుస్తకం ఎందుకు అంటే, మా అవ్వది సండూరు దిక్కు ఊరు. "మా చిన్నప్పుడు ఆ గుట్ట ఇట్ల లేదు నాయనా, పచ్చగా ఇంకా ఎత్తుండె" అంటుంది. ఇనుప ఖనిజం కోసం అక్కడి కొండలు తవ్వారని, 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో గనుల తవ్వకం ఆపించిందని, తర్వాత షరతులతో మళ్లీ మొదలైందని మనం చదివాం. కానీ అవ్వ చెప్పే ఆ గుట్ట ఫోటో మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. రాజుల గుళ్లకు గ్రీన్‌లా దొరికాడు. మా అవ్వ గుట్టకు ఎవరూ దొరకలేదు.

అందుకే ప్రతి సంక్రాంతికి అవ్వ ఊరికి పోయినప్పుడు ఒకే బండ మీద స్టాండు పెట్టి, ఒకే దిక్కుకు ఒక ఫోటో తీయాలని అనుకుంటున్నాను. మీ ఊర్లో కూడా గుట్టో, చెరువో ఉంటే మీరూ తీయండి. గ్రీన్‌లా అంత సామాను మనం మోయాల్సిన పని లేదు. ఏటేటా మళ్లీ అక్కడికే పోయి నిలబడితే చాలు.