నేతగాని కొడుకు కట్టిన రాగం

 జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘస్థులకు, గల్ఫ్ దేశాలలో ఉండి ఇది చదువుతున్న మనవారికి ప్రభువు కృప తోడైయుండును గాక.

క్రిస్మస్ రాత్రి కొవ్వొత్తులు వెలిగించి మనం పాడుకొనే "శుద్ధరాత్రి" పాట ఆస్ట్రియా దేశంలో పుట్టింది. మాటలు వ్రాసినవాడు యోసేఫ్ మోర్, రాగం కట్టినవాడు ఫ్రాంజ్ గ్రూబర్.

మోర్ 1792లో సాల్జ్‌బర్గ్‌లో పుట్టాడు. తల్లికి వివాహం కాలేదు. తండ్రి సైన్యం విడిచి పారిపోయినవాడు. ఆ తల్లి అల్లికపనితో పిల్లలను పోషించింది. చర్చిలో పాటల సేవ చేసే ఒక పెద్దాయన అతని స్వరం గుర్తించి చదివించాడు. పుట్టుక కారణంగా, అతడు పాదిరి కావడానికి ప్రత్యేక అనుమతి తేవలసి వచ్చింది. నెపోలియన్ యుద్ధాలు ముగిసిన మరుసటి ఏడు, 1816లో, ఆకలి, చలి ఉన్న రోజుల్లో, మరియాఫార్ అనే పల్లెలో ఈ పాట వ్రాశాడు.

గ్రూబర్ నేతవారి బిడ్డ. సిరిసిల్ల వాళ్లకు ఆ ఇల్లు ఎలా ఉంటుందో చెప్పనక్కర లేదు. కొడుకు మగ్గమే నేయాలని తండ్రి ఆశ. కొడుకు మనసు సంగీతం మీద. చివరికి బడిపంతులయ్యాడు, ఓబర్న్‌డార్ఫ్ చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు.

1818 డిసెంబరు 24న మోర్ తన పాట తెచ్చి, రెండు గొంతులకు, గిటారుకు సరిపడేలా రాగం కట్టమని అడిగాడు. ఆ రాత్రే ఇద్దరూ పాడారు. గిటారు వాయించింది మోరే.

ఎలుకలు ఆర్గాన్ తిత్తులు కొరికినందుకే గిటారు పట్టారని ప్రసంగాలలో వింటుంటాం. 1854లో గ్రూబర్ స్వయంగా వ్రాసిన వివరణలో ఎలుకల మాటే లేదు. ఈ సాక్ష్యానికి కట్టుకథ అవసరం లేదు ప్రియులారా, జరిగినదే చాలును.

ఆర్గాన్ బాగుచేసే మౌరాకర్ ఈ పాటను తన లోయకు తీసుకెళ్లాడు. అక్కడి గాయక కుటుంబాలు ఊరూరా పాడాయి, 1839లో న్యూయార్క్‌లోనూ పాడారు. ఇది హైడన్ రచన కాబోలని బెర్లిన్ రాజాస్థానం వారు విచారించినప్పుడే గ్రూబర్ ఆ వివరణ వ్రాశాడు. అప్పటికి మోర్ లేడు; 1848లో బీదవాడుగానే మరణించాడు. 1995లో మోర్ చేతివ్రాత ప్రతి దొరికాకే 1816 సంగతి లోకానికి తెలిసింది.

దూతలు ఆ శుభవార్త మొదట గొఱ్ఱెల కాపరులకే చెప్పారు (లూకా 2:8-14). తండ్రి ఎవరని ఊరు వేలెత్తి చూపే బిడ్డ మన సంఘంలో ఉంటే ఏం చేస్తున్నాం? మోర్‌ను ఒకాయన చేరదీయకపోతే ఆ పాట మనకుండేదా? సాంచాల చప్పుడు మధ్య కూనిరాగం తీసే పిల్లవాణ్ణి, బీడీలు చుట్టే తల్లి పక్కన కూర్చున్న ఆడపిల్లను ఈ క్రిస్మస్‌కు పాటల గుంపులో నిలబెట్టండి.

ప్రభువు మనలను దీవించును గాక. ఆమేన్.