బడి లేని విద్య: అల్లిక కథ

పుదుచ్చేరి నుంచి దక్షిణంగా కడలూరు దిక్కుకు వెళితే బాహూరు వస్తుంది. పెద్ద చెరువు, దాని కింద వరిపొలాలు, పాతకాలపు మూలనాథర్ ఆలయం ఉన్న ఊరు. చరిత్ర చదివేవారికి ఈ ఊరి పేరు మరో కారణంగా పరిచయం. 1879లో ఇక్కడ రాగిశాసనాలు దొరికాయి. తొమ్మిదో శతాబ్దంలో, పల్లవరాజు నృపతుంగవర్మ ఎనిమిదో పాలన సంవత్సరంలో, బాహూరులోని విద్యాస్థానానికి మూడు గ్రామాలను దానం చేసిన సంగతి వాటిలో ఉంది. ఆ విద్యాస్థానం పద్నాలుగు గణాలుగా ఉండేదని శాసనం చెబుతుంది. నాలుగు వేదాలు, ఆరు వేదాంగాలు, మీమాంస, న్యాయం, ధర్మశాస్త్రం, పురాణం అనే పద్నాలుగు విద్యలే అవి అని పండితులు అర్థం చెప్పారు.

ఇప్పుడు ఆ జాబితాను మరొకసారి చదవండి. నూలు వడకడం అందులో లేదు. నేత లేదు, వల అల్లడం లేదు, కుండ చేయడం లేదు. ఊరు బతికింది వీటివల్ల కూడా కదా! మరి వీటిని ఎవరు, ఎక్కడ నేర్పారు? వీటికి ఏ రాజూ గ్రామాలు రాసి ఇవ్వలేదు. ఇంటి అరుగే బడి, పక్కన కూర్చున్న మనిషే గురువు. అలా నేర్చుకునే విద్యల్లో ఒకటైన దారపు అల్లిక గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం. ఆనాటి బాహూరులో ఈ అల్లిక ఉండేదని నేను చెప్పడం లేదు. బడి లేకుండా ఒక విద్య ఎలా నిలుస్తుందో చూడడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు, అంతే.

ముందు ఒక చిన్న పరిశీలన. మీ ఇంట్లో ఉన్న టీ షర్టు ఒకటి తీసుకొని భూతద్దంతో చూడండి. మామూలు చొక్కా గుడ్డలో పడుగు దారాలు నిలువుగా, పేక దారాలు అడ్డంగా ఒకదానినొకటి దాటుతూ పోతాయి. టీ షర్టులో అలా ఉండదు. అంచు పైకి విప్పి పట్టుకున్న గొలుసుల్లాగా, చిన్న చిన్న ఉచ్చులు ఒకదానిలోంచి ఒకటి వచ్చి నిలువు వరసలు కట్టి ఉంటాయి. గుడ్డ తిరగేస్తే అవే ఉచ్చులు అడ్డగీతల్లా, గుబ్బల్లా కనిపిస్తాయి. తిరుప్పూరు మిల్లుల్లో యంత్రాలు చేసేదీ, రెండు పుల్లలతో అమ్మమ్మ స్వెట్టర్ అల్లేటప్పుడు చేసేదీ ఈ పనే. అల్లిక నేర్చుకునేవాళ్లు ముందువైపు కుట్టు, వెనకవైపు కుట్టు అని రెండు రకాలు నేర్చుకుంటారు. నిజానికి అవి రెండు కావు. ఒకే ఉచ్చును ఇటునుంచి చూస్తే ఒకటి, అటునుంచి చూస్తే మరొకటి.

ఇప్పుడా గుడ్డను పక్కలకు లాగండి. సాగుతుంది. సాగింది నూలుదారం కాదు, ఉచ్చు ఆకారం. గుండ్రంగా ఉన్నది బల్లపరుపుగా మారి, వదిలేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. కాలి మడమ దగ్గర, మోచేతి దగ్గర ఒదిగిపోయే గుడ్డ కావలసి వచ్చినప్పుడు మనిషి ఈ ఉపాయాన్ని కనిపెట్టాడు.

ఎక్కడ, ఎప్పుడు? ఈజిప్టు ఎడారి ఇసుకలో పాత మేజోళ్లు చెడిపోకుండా మిగిలాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఎర్ర ఊలు మేజోళ్ల జత ఒకటుంది. సుమారు పదహారు వందల ఏళ్ల నాటిది. చెప్పు పట్టీ దూరడానికి వీలుగా బొటనవేలు విడిగా ఉంటుంది. చూడగానే అల్లికే అనిపిస్తుంది. కానీ దాన్ని ఒకే సూదితో, పొట్టి దారపు ముక్కలను ఉచ్చుల గుండా పూర్తిగా దూర్చి లాగుతూ చేశారు. మనం అల్లిక అనే రెండు సూదుల పద్ధతితో చేసిన నీలం, తెలుపు నూలు మేజోళ్లు కూడా ఈజిప్టులోనే దొరికాయి. అవి సుమారు పదకొండు, పద్నాలుగు శతాబ్దాల మధ్యవి. వాటిని అల్లినవారి పేర్లు మనకు తెలియవు, ఏ గ్రంథమూ వాళ్లు రాయలేదు. అయినా ఆ మేజోడును దగ్గరగా చూసిన ఆధునిక అల్లికదారు అదే మేజోడును మళ్లీ అల్లగలరు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. వండిన కూర చూసి దాన్ని ఎలా వండారో పూర్తిగా చెప్పలేం. కాల్చిన కుండను మళ్లీ మట్టిముద్ద చేయలేం. అల్లిక అలా కాదు. దారం ఎక్కడ మొదలై, ఎటు తిరిగి, దేనిలోంచి వచ్చిందో గుడ్డ మీదే కనిపిస్తూ ఉంటుంది. చివరి ఉచ్చును వదిలి లాగితే, అల్లిన క్రమానికి సరిగ్గా తలకిందులుగా అంతా విడిపోతుంది. చేసిన తప్పు కళ్లముందే ఉంటుంది, అక్కడివరకు విప్పి దిద్దుకోవచ్చు. దారం వృథా కాదు. గురువు లేని విద్యార్థికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంగ్లండులో విలియం లీ 1589లో మేజోళ్లు అల్లే యంత్రాన్ని తయారుచేశాడు. అతని ప్రేమ గురించీ, రాణి ఎలిజబెత్ తిరస్కారం గురించీ చాలా కథలు చెబుతారు. ఆ కథలు పక్కనపెట్టి యంత్రాన్ని చూడండి. చేతి అల్లికలో ఉచ్చులన్నీ ఒకే సూది మీద ఉంటాయి. లీ ఒక్కొక్క ఉచ్చుకు ఒక్కొక్క కొక్కెం పెట్టి, వరస మొత్తం ఒకేసారి అల్లేలా చేశాడు. ఇళ్లలో చేతులు చేస్తున్న పనిని భాగాలుగా విడదీసి చూస్తే తప్ప ఆ ఆలోచన రాదు. బడిలో బోధించని ఒక పనిని చదివి అర్థం చేసుకోవడమే అది.

అచ్చు పుస్తకాలు తరవాత వచ్చాయి. ఎడిన్‌బరోలో ఊలు, సూదుల దుకాణం నడిపిన జేన్ గాగన్ 1840లో అచ్చువేసిన పుస్తకం బాగా ప్రచారం పొందింది. కుట్లను సంక్షిప్త గుర్తులతో, రసాయన సూత్రాల మాదిరిగా రాయడం ఆ కాలంలోనే రూపుదిద్దుకుంది. 1960లలో అమెరికాలో ఎలిజబెత్ జిమ్మర్‌మన్ టెలివిజన్ ద్వారా అల్లిక పాఠాలు చెప్పింది. టెలివిజన్ పాఠాలు రాసే నాబోటి వాళ్లకు ఆమె పేరు వింటే కొంచెం గర్వం! సూచనలను గుడ్డిగా పాటించకండి, మీ దారంతో చిన్న ముక్క అల్లి, అంగుళానికి ఎన్ని కుట్లు వస్తున్నాయో కొలిచి, కావలసిన వెడల్పుతో హెచ్చవేసుకోండి అన్నది ఆమె పద్ధతి. మీ ప్రయోగశాల పుస్తకంలో ఉండేదీ ఇదే కదా.

మీరూ ప్రయత్నించండి. కాస్త మందమైన, లేతరంగు ఊలు తీసుకోండి. నల్లదారంలో ఉచ్చులు కనపడవు. రెండు సూదులు చాలు. జారుముడితో మొదలుపెట్టి ఇరవై కుట్లు ఎక్కించి, ప్రతి వరసనూ ముందువైపు కుట్టుతోనే అల్లండి. వరస పూర్తికాగానే లెక్కపెట్టండి. నేను మొదటిసారి అల్లినప్పుడు ఇరవై కుట్లు పది వరసలు దాటేసరికి ఇరవై ఏడయ్యాయి, చేతిరుమాలు కాస్తా విసనకర్ర ఆకారానికి వచ్చింది. కారణం తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. వరస మొదట్లో దారాన్ని సూది మీదుగా వెనక్కి వేస్తే మొదటి కుట్టు రెండు పోగులుగా విడిపోయి రెండు కుట్లలా కనిపిస్తుంది, మనం రెండూ అల్లేస్తాం. దారాన్ని కిందినుంచి తీసుకుంటే సరిపోతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, విప్పి చూస్తే తెలిసింది.

మన తెలుగునాట ఊలు లేకపోలేదు. తెలంగాణలో కురుమల గొంగళ్లు ఎంతో కాలంగా ఉన్నాయి. అయితే గొంగడి నేసేది, అల్లేది కాదు. ఉచ్చుల పని మన దగ్గర పెద్ద వృత్తిగా స్థిరపడింది గోదావరి డెల్టాలో. పుదుచ్చేరికి చెందిన యానాం ఉన్నదీ ఆ డెల్టాలోనే, గౌతమీ పాయ మీద. పడమటి పాయ వశిష్ఠ పక్కన నరసాపురం ఉంది. అక్కడ అల్లేది ఊలు కాదు, నూలుదారం. రెండు సూదులు కాదు, కొక్కెం ఉన్న ఒక్క సూది. దాన్నే క్రోషియా లేసు అంటారు. సూత్రం మాత్రం అదే: ఉచ్చులోంచి ఉచ్చు.

పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ కుటుంబాల స్త్రీలు ఈ పనిని కొద్దిమందికి నేర్పారు. అక్కడినుంచి అది ఊరూరా పాకింది. తల్లి దగ్గర కూతురు, తోడికోడలి దగ్గర కొత్తకోడలు, పక్కింటి పిన్నిగారి దగ్గర ఎదురింటి పిల్ల నేర్చుకున్నారు. వ్యాపారి తెచ్చిన నమూనాను వెలుతురులో పట్టుకొని, గళ్లు లెక్కపెట్టి, అలాగే అల్లడం అక్కడి చేతులకు అలవాటు. పువ్వులూ గళ్లూ అల్లేవాళ్లు కొందరు, వాటిని కలిపే అతుకుపని చేసేవాళ్లు మరికొందరు. ఆ బల్లగుడ్డలు, పరుపు దుప్పట్లు సముద్రాలు దాటి వెళ్లాయి.

జర్మన్ సమాజ శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఇక్కడ పరిశోధన చేసి, 1982లో నరసాపురం లేసు అల్లికదారుల మీద పుస్తకం ప్రచురించారు. ఆమె చూసినదేమిటంటే, ఆడవాళ్లు ఇంటిచాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. చేతికి వచ్చేది వ్యవసాయ కూలీకంటే కూడా బాగా తక్కువ. అయినా ఊళ్లో ఎవరిని అడిగినా వాళ్లు ‘ఇంట్లో ఖాళీగా కూర్చునేవాళ్లు’, లేసు ‘తీరిక వేళ కాలక్షేపం’. ఎగుమతుల్లో లెక్కకు వచ్చిన సరుకు, దాన్ని చేసినవారి దగ్గరకు వచ్చేసరికి పనిగా లెక్కకు రాలేదు. దీనికి ఆమె చెప్పిన ఆర్థిక కారణాలు అనేకం, ఆ పుస్తకం కళాశాల విద్యార్థులు చదవదగినది. నాకు మాత్రం ఒక కారణం బాహూరు శాసనం దగ్గరే మొదలైనట్టు తోస్తుంది. గురువు పేరు, తరగతి గది, పట్టా లేవు గనుక నేర్చుకోవడం చదువు కాలేదు. చదువు కాని నైపుణ్యానికి ధర కట్టేటప్పుడు ‘ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చేదేగా’ అనడం తేలికైంది. పుట్టుకతో వస్తే నా రుమాలు విసనకర్ర అయ్యేది కాదు, నమూనా గళ్లు లెక్కపెట్టడానికి ఆ పిల్లలకు ఏళ్లు పట్టేవీ కావు.

తరవాతి కాలంలో నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు పార్కు వచ్చింది, మహిళల సహకార సంఘం ఏర్పడింది. యంత్రపు లేసు పోటీ మాత్రం తగ్గలేదు. 2024లో నరసాపురం క్రోషియా లేసు ఉత్పత్తులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు అడిగేవారు దరఖాస్తులో వస్తువు ఏమిటో, దాన్ని ఏ దారంతో, ఏ పనిముట్టుతో, ఏ క్రమంలో చేస్తారో వివరంగా రాసి ఇవ్వాలి. అరుగుల మీద చేతి నుంచి చేతికి వెళ్లిన పాఠం అలా చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీ దస్త్రాల్లోకి చేరింది.