తాండూరు తీర్పు తర్వాత డాక్టర్ మర్రి

1978 ఫిబ్రవరి. అంతకు ముందు ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఉత్తరాదిన తుడిచిపెట్టుకుపోయిన ఇందిరాగాంధీకి రెండు దక్షిణాది రాష్ట్రాలు మళ్లీ ఊపిరి పోశాయి. బెంగళూరులో దేవరాజ్ అర్స్, హైదరాబాద్‌లో డాక్టర్ మర్రి చెన్నారెడ్డి ఆమె కొత్త పార్టీని గెలిపించారు. అర్స్ అంతకు ముందే ముఖ్యమంత్రిగా చేసినవారు. చెన్నారెడ్డి సంగతి వేరు. పదేళ్ల కిందట ఆయనను కోర్టు ఎన్నికల బరిలోంచే పంపేసింది.

1919లో పుట్టిన చెన్నారెడ్డి 1941లో ఉస్మానియాలో ఎంబీబీఎస్ పూర్తిచేశారు. నాడి పట్టడం కన్నా విద్యార్థి సంఘాలను నడపడం మీదే ఆయనకు మక్కువ ఎక్కువ. 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం ఏర్పడినప్పుడు ఆయనకు 33 ఏళ్లు. గెలిచింది వికారాబాద్ నుంచి. అనంతగిరి క్షయ ఆసుపత్రితో పేరుపడ్డ ఊరు అది. కొత్త మంత్రి డాక్టరే అయినా, చేతికొచ్చింది మాత్రం వ్యవసాయం, ఆహారం. ఆ తర్వాత రాష్ట్రంలో ఆర్థికం, 1967లో ఢిల్లీలో ఉక్కు, గనులు.

అక్కడే బెడిసికొట్టింది. 1967లో తాండూరు నుంచి ఆయన అసెంబ్లీకి గెలవడాన్ని వందేమాతరం రామచంద్రరావు సవాలు చేశారు. ఎన్నికల్లో అక్రమాలు జరిగాయంటూ హైకోర్టు ఆ గెలుపును కొట్టేసింది. 1968 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి పదవి పోయింది, సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు. ఆరేళ్లు పోటీకి వీల్లేదు. మరొకరైతే మళ్లీ క్లినిక్ తెరిచేవారేమో!

1969లో తెలంగాణ భగ్గుమంది. ప్రత్యేక రాష్ట్రం కోసం విద్యార్థులు మొదలుపెట్టిన ఉద్యమానికి నాయకుడు కావాలి. చెన్నారెడ్డికి రాజకీయం కావాలి. తెలంగాణ ప్రజాసమితి పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో, తాను నామినేషన్ కూడా వేయలేని స్థితిలో, తెలంగాణలోని 14 స్థానాల్లో పదింటిని సమితికి గెలిపించారు. ఆ వెంటనే సమితిని తీసుకెళ్లి కాంగ్రెస్‌లో కలిపేశారు. జైళ్లకు వెళ్లివచ్చిన కుర్రాళ్లు దీన్ని చాలాకాలం మరిచిపోలేదు. ఆ కోపం న్యాయమైనదే.

1974లో ఉత్తరప్రదేశ్ గవర్నర్. 1978లో 294 స్థానాలకు 175 గెలిచి ముఖ్యమంత్రి. అదే ఎన్నికల్లో పులివెందుల నుంచి మరో యువ డాక్టర్ తొలిసారి అసెంబ్లీకి వచ్చారు. ఆయన పేరు వై.ఎస్. రాజశేఖరరెడ్డి.

చెన్నారెడ్డి ఒక్కసారీ అయిదేళ్లు నిండా ముఖ్యమంత్రిగా ఉండలేకపోయారు. 1980 అక్టోబరులో సొంత పార్టీవారి అసమ్మతే దించింది. 1989లో ఎన్టీఆర్‌ను ఓడించి తిరిగొచ్చినా, హైదరాబాద్ మత ఘర్షణల నడుమ 1990 డిసెంబరులో తప్పుకున్నారు. 1996 డిసెంబరు 2న కన్నుమూసేనాటికి తమిళనాడు గవర్నర్. హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఇప్పుడు ప్రభుత్వ అధికారులు శిక్షణ పొందే సంస్థకు ఆయన పేరే పెట్టారు.